చెరువు ఒడ్డున ఫ్లాట్ కొనేముందు ఏమేమి చూసుకోవాలి?

ప్రశ్న (హైదరాబాదు నుంచి ఒక గృహిణి)

అందరికీ నమస్కారం. నేనూ మావారూ పదకొండేళ్లుగా హైదరాబాదులో అద్దె ఇళ్లలో ఉంటున్నాం. నగరానికి వాయవ్యాన, ఔటర్ రింగ్ రోడ్డుకు లోపల, ఒక చెరువు ఒడ్డున కడుతున్న గేటెడ్ కమ్యూనిటీలో మూడు పడక గదుల ఫ్లాట్ చూశాం. ఆరో అంతస్తు బాల్కనీలో నిలబడితే ఎదురుగా నీళ్లు, ఆ నీళ్ల మీద కొంగలు కనిపించాయి. మా అబ్బాయి అక్కడి నుంచి కదలనని కూర్చున్నాడు. చెరువు వైపు ఫ్లాట్లకు చదరపు అడుగుకు మూడు వందల రూపాయలు అదనంగా అడుగుతున్నారు.

హెచ్‌ఎండీఏ (హైదరాబాదు మహానగరాభివృద్ధి సంస్థ) అనుమతి, రెరా (స్థిరాస్తి నియంత్రణ చట్టం) నంబరు ఉన్నాయనీ, మూడు బ్యాంకులు రుణం ఇవ్వడానికి ఒప్పుకున్నాయనీ చెప్పి కాగితాలు చూపించారు. మేము దాదాపు నిశ్చయించుకున్నాం. అయితే కరీంనగర్ జిల్లాలో ఉంటున్న మా నాన్నగారికి ఫోన్‌లో విషయం చెబితే ఆయన ధర గురించి గానీ, బ్యాంకు గురించి గానీ అడగలేదు. "ఆ చెరువు మత్తడి ఎక్కడుందమ్మా?" అని ఒక్కటే అడిగారు. మాకు తెలియలేదు. మర్నాడు వెళ్లి అమ్మకాల సిబ్బందిని అడిగితే వారికీ తెలియలేదు. అప్పటి నుంచి మనసులో ఏదో శంకగా ఉంది. ఇలాంటి చోట ఇల్లు కొనేముందు నిజంగా చూసుకోవలసినవేమిటో, అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పండి. ఈ నెలాఖరులోగా అగ్రిమెంటు చేసుకోవాలంటున్నారు.

మొదటి జవాబు (నీటిపారుదల శాఖలో పనిచేసి విశ్రాంతి తీసుకున్న ఇంజనీరు)

అమ్మా, మీ నాన్నగారు అడగవలసిన ప్రశ్నే అడిగారు. మత్తడి అన్నా, అలుగు అన్నా, కొన్ని ప్రాంతాల్లో కలుజు అన్నా ఒకటే. చెరువు నిండిన తరువాత మిగులు నీరు పొర్లిపోయే రాతికట్టడం అది. ఎఫ్‌టీఎల్ అని ఈరోజు అందరూ అంటున్న పూర్తి నీటి మట్టానికి మూలం అక్కడే ఉంది. మత్తడి పైఅంచు ఎంత ఎత్తున ఉందో, ఆ ఎత్తుకు నీరు నిండితే ఎంత మేర పరుచుకుంటుందో ఆ గీతే చెరువు సరిహద్దు. మీరు బాల్కనీ నుంచి చూసిన నీటి అంచు చెరువు సరిహద్దు కాదు, అది ఆ రోజుకు మిగిలి ఉన్న నీరు మాత్రమే.

మన చెరువులు బావుల్లాంటివి కావు, పళ్లేల్లాంటివి. 200 అడుగులకు ఒక అడుగు చొప్పున వాలు ఉన్న నేల మీద నీటి మట్టం ఒక్క అడుగు పెరిగితే నీరు 200 అడుగులు లోపలికి వస్తుంది. ఏప్రిల్‌లో గడ్డి మొలిచి, గేదెలు మేస్తూ కనిపించిన నేల అక్టోబరులో మోకాటి లోతు నీళ్లలో ఉంటుంది. ఇంకొక సంగతి కూడా గమనించాలి. పెద్ద వరద వచ్చినప్పుడు నీరు మత్తడి అంచు దగ్గరే ఆగదు, దాని మీదుగా ఒక అడుగో, రెండడుగులో ఎత్తున పారుతుంది. ఆ సమయంలో చెరువంతా అంత ఎత్తు పెరిగి ఉంటుంది. మేము దానిని గరిష్ఠ నీటి మట్టం అనేవాళ్లం. అంటే ఎఫ్‌టీఎల్ గీత బయట ఉన్న ఇల్లు కూడా వరదకు అందదని హామీ లేదు. ఎఫ్‌టీఎల్ అవతల కొంత మేర ఖాళీగా ఉంచాలన్న బఫర్ నిబంధనకు ఒక కారణం ఇదే.

ఆ నిబంధన 2012 ఏప్రిల్ 7 నాటి 168వ నంబరు ప్రభుత్వ ఉత్తర్వులో ఉంది. పది హెక్టార్లు, అంటే సుమారు 25 ఎకరాలు, అంతకు మించిన చెరువైతే ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్న చెరువు గానీ కుంట గానీ అయితే 9 మీటర్లు వదలాలి. నాలాలకు, అంటే వాననీరు పారే కాలువలకు కూడా వెడల్పును బట్టి ఇలాంటి దూరమే ఉంది. పది మీటర్లు దాటిన నాలాకు 9 మీటర్లు, అంతకు లోపైతే 2 మీటర్లు. ఈ నాలాల సంగతి చాలామంది అడగరు. మీరు తప్పకుండా అడగండి.

మీరు చేయవలసిన పని ఒకటుంది. ఒక ఆదివారం పొద్దున మీ నాన్నగారిని వెంటబెట్టుకుని చెరువు కట్ట మీద ఒక కొస నుంచి మరో కొస వరకు నడవండి. మత్తడి కనిపిస్తుంది. అక్కడి నుంచి నీరు ఏ కాలువలో పడి ఎటు పోతుందో, దిగువనున్న మరో చెరువు చేరేదాకా ఆ కాలువ వెంటే వెళ్లండి. మన చెరువులు గొలుసుకట్టు చెరువులు, ఒకటి పొర్లితే మరొకటి నిండేలా కట్టినవి. 2020 అక్టోబరులో కురిసిన భారీ వర్షాలకు బాలాపూర్ వైపు గుర్రం చెరువుకూ, పాతబస్తీకి ఎగువన పల్లె చెరువుకూ కట్టలు దెబ్బతిన్నప్పుడు నీట మునిగినవారిలో చెరువును రోజూ చూసేవారికంటే చూడనివారే ఎక్కువ. వారి ఇళ్లు ఒడ్డున లేవు, కట్ట కిందా, నీరు వెళ్లే దారిలోనూ ఉన్నాయి. కాబట్టి మీ ఇల్లు చెరువు లోపలి వైపుందా, కట్ట దిగువనుందా, మత్తడి కాలువ పక్కనుందా అన్నది మొదట తేలాలి. మూడింటి ప్రమాదాలు మూడు రకాలు.

నా ఉద్యోగ కాలంలో ఒకచోట చూసినది చెబుతాను. ఎగువ కాలనీవారు తమ వీధుల్లోకి నీరు వస్తున్నదని మత్తడి గోడను అడుగు మేర పగులగొట్టారు. దిగువ కాలనీవారు అదే పగులులో ఇసుక బస్తాలు పేర్చి, వాటి మీద సిమెంటు పోశారు. ఇరువైపులా పిల్లాపాపలతో ఉన్న సంసారులే, ఎవరి ఇల్లు వారు కాపాడుకోవాలనుకున్నారు. నేను వెళ్లేసరికి ఆ బస్తాల మీద గడ్డి మొలిచి ఉంది. మీరు చూడబోయే మత్తడి మీద బస్తాలు, కొత్త కాంక్రీటు, పగులగొట్టిన రాళ్లు ఇలాంటివేమైనా కనిపిస్తే, ఆ చెరువు మట్టం మీద తగాదా నడుస్తున్నదని గ్రహించండి.

రెండో జవాబు (భూమి వ్యవహారాలు చూసే న్యాయవాది)

పై ఇంజనీరుగారు నేల మీద చూడవలసినవి చెప్పారు, నేను కాగితాల సంగతి చెబుతాను. నా దగ్గరకు వచ్చే కొనుగోలుదారులు ఎక్కువగా ఒక పొరపాటు చేస్తుంటారు. టైటిల్, అంటే యాజమాన్య హక్కు, స్వచ్ఛంగా ఉంటే ఇల్లు కట్టుకునే హక్కు కూడా ఉన్నట్టే అనుకుంటారు. చెరువుల దగ్గర ఈ రెండూ వేరు. హైదరాబాదు చుట్టుపక్కల చెరువుల్లో చాలావాటి ఎఫ్‌టీఎల్ లోపల ప్రైవేటు పట్టా భూములున్నాయి. వీటిని శిఖం పట్టా అంటారు. నీరు తగ్గినప్పుడు సాగు చేసుకోవడానికి రైతుకు ఉన్న హక్కు అది. ఆ రైతు నుంచి వరుసగా ఎన్ని దస్తావేజులు నడిచినా, ఈసీలో (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే పత్రంలో) ఒక్క మచ్చ లేకపోయినా, ఆ నేల మీద కట్టడం కట్టే హక్కు రాదు. రిజిస్ట్రేషన్ జరిగింది కదా, పన్ను కడుతున్నాం కదా, కరెంటు మీటరు వచ్చింది కదా అని వాదించేవారిని చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది, ఎందుకంటే వారిలో చాలామంది జీవితకాలపు పొదుపును అక్కడ పెట్టినవారే.

కాబట్టి మొదట ప్రాజెక్టు ఉన్న సర్వే నంబర్లన్నీ రాతపూర్వకంగా తీసుకోండి. బ్రోచర్‌లో ఉన్నవి కాదు, రెరాలో దాఖలు చేసినవి, అనుమతి పత్రంలో ఉన్నవి. రెండింటినీ పోల్చి చూడండి. తరువాత హెచ్‌ఎండీఏ చెరువుల వెబ్‌సైటులో ఆ చెరువు పేరు వెతికి, ఎఫ్‌టీఎల్ పటంలో ఆ సర్వే నంబర్లు ఎక్కడ పడుతున్నాయో చూడండి. అక్కడ ప్రాథమిక నోటిఫికేషన్, తుది నోటిఫికేషన్ అని రెండు దశలుంటాయి. ప్రాథమిక దశలోనే ఉన్న చెరువైతే సరిహద్దు ఇంకా మారవచ్చని అర్థం, కనుక అక్కడ అంచునే ఉన్న స్థలం విషయంలో తొందరపడకూడదు. రెవెన్యూ వైపు నుంచి గ్రామ నక్షా (పటం), సేత్వార్ (పాత సర్వే రికార్డు), 1954-55 నాటి ఖాస్రా పహాణీ (భూమి, సాగు వివరాల రికార్డు) నకళ్లు తీయించండి. ఆ పాత పహాణీలో శిఖం అనో, చెరువు అనో రాసి ఉంటే ఆ తరువాతి కాగితాలేవీ దానిని చెరిపివేయలేవు. నీటిపారుదల, రెవెన్యూ శాఖలు ఇచ్చిన ఎన్‌వోసీ (అభ్యంతరం లేదన్న పత్రం) కాపీలు అడగండి. అవి ఏ సర్వే నంబర్లకు, ఎంత విస్తీర్ణానికి ఇచ్చారో చదవండి. పదెకరాల ప్రాజెక్టుకు ఆరెకరాల ఎన్‌వోసీ చూపించిన సందర్భం నాకు స్వయంగా తెలుసు.

బ్యాంకు రుణం ఇస్తున్నదన్నది భరోసా కాదు. బ్యాంకు న్యాయవాది ప్రధానంగా టైటిల్ చూస్తాడు, నీటి మట్టం చూడడు. పైగా ఇల్లు పోయినా నెలవారీ కిస్తీ మీరే కట్టాలి.

168వ ఉత్తర్వులో మరో సూక్ష్మం ఉంది. బఫర్ స్థలాన్ని ప్రాజెక్టులోని ఖాళీ స్థలం కింద లెక్క చూపించుకోవచ్చు గానీ, అక్కడ కట్టడం కట్టకూడదు. మీ బ్రోచర్‌లో చెరువు వెంబడి క్లబ్‌హౌస్, ఈతకొలను గీసి ఉంటే అవి ఎఫ్‌టీఎల్ నుంచి ఎన్ని మీటర్ల దూరంలో ఉన్నాయో కొలిపించండి. మీ ఫ్లాట్ క్షేమంగానే ఉండి అవి కూలిపోయినా, ఉమ్మడి ఆస్తిలో మీరు డబ్బు పెట్టిన వాటా పోయినట్టే.

కూల్చివేతల విషయానికొస్తే, 2024 జూలైలో చెరువుల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా ఏర్పడిన తరువాత తమ్మిడికుంట మొదలు అనేక చెరువుల దగ్గర ఏం జరిగిందో అందరికీ తెలుసు. ప్రజలు కాపురం ఉంటున్న ఇళ్ల జోలికి వెళ్లబోమని ఆ సంస్థ చెప్పిన మాట కూడా నిజమే. కానీ అధికారులు చేసే ప్రకటన చట్టం కాదు. చెరువులు ప్రజలందరి తరఫున ప్రభుత్వం దగ్గర ఉన్న ధర్మనిధి వంటివన్న సూత్రాన్ని సుప్రీంకోర్టు మన తెలుగు నేల కేసులోనే గట్టిగా చెప్పింది. తిరుపతి దగ్గరి అవిలాల, పేరూరు చెరువుల మీద 2006లో వచ్చిన తీర్పు అది. ఇప్పుడు కొనేవారు ఆ తీర్పు తరువాత కొంటున్నవారన్నది మరువకూడదు.

రెరా మీకు ఇచ్చే రక్షణలు రెండు చెబుతాను. రిజిస్టరైన అగ్రిమెంటు లేకుండా ధరలో పది శాతానికి మించి తీసుకునే హక్కు బిల్డర్‌కు లేదు, కనుక నెలాఖరు గడువు చెప్పి ఎక్కువ అడిగితే ఇవ్వకండి. భూమి టైటిల్‌లో లోపం వల్ల నష్టం జరిగితే పరిహారం కోరడానికి కాలపరిమితి అడ్డు రాదని 18వ సెక్షన్ చెబుతోంది. అయితే పైన చెప్పినట్టు టైటిల్ బాగుండి, కట్టే హక్కు లేని భూమి విషయంలో వాదన చిక్కుపడుతుంది. అందువల్ల "ఈ ప్రాజెక్టులోని ఏ భాగమూ, ఉమ్మడి వసతులతో సహా, ఎఫ్‌టీఎల్‌లో గానీ బఫర్‌లో గానీ లేదు, ఉన్నట్టు తేలితే చెల్లించిన సొమ్ము వడ్డీతో తిరిగి ఇస్తాము" అన్న వాక్యాన్ని అగ్రిమెంటులో రాయించుకోండి. రాయడానికి బిల్డర్ వెనకాడితే మీ ప్రశ్నకు జవాబు దొరికినట్టే.

మూడో జవాబు (విజయవాడ నుంచి)

మాది సింగ్‌నగర్. మా వీధి పక్కన చెరువు లేదు. బుడమేరు వాగు ఉందని తెలుసు గానీ, ఏడాదిలో ఎక్కువ రోజులు అది ఒక మురుగు కాలువలాగే కనిపించేది. 2024 సెప్టెంబరు 1న మా ఇంటి మొదటి అంతస్తు మెట్ల దాకా నీళ్లు వచ్చాయి. బియ్యం డబ్బా నీళ్ల మీద తేలుతూ హాల్లో తిరగడం నేను మెట్ల మీద కూర్చుని చూశాను. ఆ స్థలం కొన్నప్పుడు మేము చూసుకున్న కాగితాలన్నీ సక్రమమైనవే. చుట్టుపక్కల ముసలివారిని ఒక్కరినైనా అడిగి ఉంటే నీరు ఏ సంవత్సరంలో ఎంతదాకా వచ్చిందో చెప్పేవారు. మీరు ఆ చెరువున్న పాత ఊళ్లోకి వెళ్లి, చేపలు పట్టేవారినీ, చాకిరేవు దగ్గరివారినీ అడగండి. వారికి మీ చేత కొనిపించాలన్న అవసరం లేదు.

నాలుగో జవాబు (చెరువు ఒడ్డున ఏడేళ్లుగా నివసిస్తున్న వ్యక్తి)

అందరూ భయాలే చెప్పారు గనుక, నేను చెరువు పక్కనే సంతోషంగా ఉన్నానని ముందుగా చెబుతాను. మా కమ్యూనిటీ ఎఫ్‌టీఎల్‌కు చాలా ఎత్తున, గుట్ట వాలు మీద ఉంది. పై ఇద్దరు పెద్దలు చెప్పినవన్నీ సరిచూసుకునే కొన్నాం. వేసవి సాయంత్రాలు చెరువు మీది నుంచి వచ్చే గాలికి ఏసీ వేయకుండా గడిపే రోజులు ఎన్నో ఉన్నాయి. చలికాలంలో వలస పక్షులు దిగినప్పుడు మా అమ్మాయి బడికి వెళ్లేముందు పది నిమిషాలు బాల్కనీలోనే ఉంటుంది. అదనంగా ఇచ్చిన డబ్బుకు నేను చింతించలేదు.

అయితే రోజువారీ కాపురంలో తెలిసే సంగతులు కొన్ని ఉన్నాయి. మొదటిది సెల్లార్. చెరువుకు దగ్గరగా రెండంతస్తుల సెల్లార్ తవ్వితే కింది అంతస్తు భూగర్భజల మట్టానికి దిగువన పడుతుంది. మా ఎదుటి కమ్యూనిటీలో సరిగ్గా అదే జరిగింది. అక్కడ ఆగస్టు నుంచి డిసెంబరు దాకా మోటార్లు రాత్రింబవళ్లు నీరు తోడుతూనే ఉంటాయి, ఆ కరెంటు ఖర్చు నెలవారీ మెయింటెనెన్స్‌లో అందరి మీదా పడుతుంది. మీరు చూడబోయే సెల్లార్‌లో గోడల అడుగుభాగాన, నేల నుంచి రెండడుగుల ఎత్తు వరకు తెల్లటి ఉప్పు పొర ఉందేమో వేలితో గీసి చూడండి. లిఫ్టు గుంతలో నీరుందేమో టార్చి వేసి చూడండి. కొత్తగా రంగు వేసి ఉంటే ఆ రంగు గోడ కింది భాగానికే ఎందుకు వేశారని అడగండి.

రెండోది మురుగు. చెరువులోకి పై కాలనీల మురుగు కలుస్తున్నదా, దానిని శుద్ధి చేసే ప్లాంటు ఉందా, ఉంటే నడుస్తున్నదా అన్నది వాసన చెబుతుంది. దానికి మధ్యాహ్నం వెళ్లవద్దు, గాలి లేని వేసవి రాత్రి తొమ్మిది దాటాక వెళ్లండి. గుర్రపుడెక్క కమ్ముకున్న చెరువైతే దోమలు ఆరో అంతస్తుకు కూడా వస్తాయి, అప్పుడు ఆ బాల్కనీకి జాలీ బిగించి, జాలీలోంచే చెరువును చూడాలి. ఎండలు ముదిరినప్పుడు నీటిలో ప్రాణవాయువు తగ్గి చేపలు చచ్చి తేలితే, ఆ వారం కిటికీలు తెరవలేం. బోరు నీటిని తప్పక పరీక్ష చేయించండి. పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంత కాలుష్యం మీద 1990లో సుప్రీంకోర్టుకు చేరిన వ్యాజ్యం ఏళ్ల తరబడి నడిచిందంటే, నగరానికి ఆ వైపున నీటి సమస్య ఎంత పాతదో ఊహించుకోండి.

మూడోది, ఆ చెరువు మన కమ్యూనిటీది కాదు. అది ఊరిది. మత్స్యకారుల సంఘానికి అందులో చేపలు పట్టుకునే హక్కు ఉంటుంది. బతుకమ్మ రోజుల్లో ఊరి ఆడపడుచులు అక్కడికే వస్తారు, వినాయక నిమజ్జనానికి లారీలు వస్తాయి. చెరువుకు వెళ్లే పాత బండ్లబాటకు గోడ కట్టేసిన కమ్యూనిటీలో కొంటే, ఆ తగాదాను కూడా కొన్నట్టే. మా దగ్గర ఆ బాట తెరిచే ఉంచాం. సద్దుల బతుకమ్మ నాడు మా ఇళ్లలోని ఆడవాళ్లు కూడా వారితో కలిసి ఆడతారు.

ప్రశ్న అడిగినవారు (రెండు వారాల తరువాత)

ఇంత ఓపికగా రాసిన అందరికీ కృతజ్ఞతలు. నాన్నగారు వచ్చారు, ఆదివారం కట్ట మీద నడిచాం. మత్తడి దొరికింది. దానికి ఇరవై అడుగుల దూరం వరకు కాలువ దాదాపు పన్నెండడుగుల వెడల్పుతో ఉంది. ఆ తరువాత అది మేము చూసిన ప్రాజెక్టు ప్రహరీ దగ్గరకు వచ్చి, గోడ కింద రెండు సిమెంటు గొట్టాల్లోకి వెళుతోంది. ఒక్కొక్క గొట్టం వెడల్పు నాన్నగారి చేతికర్ర పొడవుకంటే తక్కువే. గొట్టాల ముందు ప్లాస్టిక్ సంచులు, కొబ్బరి మట్టలు పేరుకుని ఉన్నాయి. గోడ లోపల ఆ గొట్టాల మీదే పిల్లల ఆటస్థలం వేస్తున్నారు.

ఎఫ్‌టీఎల్ పటంలో చూస్తే మా టవరు గీతకు బయటే ఉంది, క్లబ్‌హౌస్ మూల మాత్రం గీతకు చాలా దగ్గరగా ఉంది. చెరువుది ఇంకా ప్రాథమిక నోటిఫికేషనే. న్యాయవాదిగారు చెప్పిన వాక్యాన్ని అగ్రిమెంటులో చేర్చమని అడిగితే, అందరికీ ఒకే నమూనా అగ్రిమెంటు ఉంటుందని, మార్చడం కుదరదని అన్నారు. టవరు బయటే ఉంది గనుక ముందుకు వెళ్లవచ్చా, లేక ఆ గొట్టాల సంగతి అంత పెద్దదా?

మొదటి జవాబు ఇచ్చిన ఇంజనీరు

అమ్మా, ఆ గొట్టాల సంగతి పెద్దదే. పన్నెండడుగుల కాలువలో వచ్చే వరదను ఆ రెండు గొట్టాలు మోయలేవు. వాటి ముందు చెత్త అడ్డుపడిన రాత్రి ఆ నీరు గోడ ఇవతల చెరువు వైపు పెరుగుతుంది, లేదా గోడను తోసుకుని ఆటస్థలం మీదుగా సెల్లార్‌లోకి దిగుతుంది. మీ ఫ్లాట్ ఆరో అంతస్తులో ఉన్నా మీ కారు, లిఫ్టు మోటారు, కరెంటు ప్యానెల్, తాగునీటి సంపు అన్నీ కిందే ఉంటాయి. నాలా దారిని గొట్టాల్లోకి మళ్లించడానికి నీటిపారుదల శాఖ అనుమతి ఉందా, ఉంటే ఎంత ప్రవాహానికి లెక్క కట్టారు అన్నది బిల్డర్‌ను లిఖితపూర్వకంగా అడగండి. అదే ప్రశ్నను సమాచార హక్కు చట్టం కింద శాఖకు కూడా పంపండి, ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. వారి గడువు నెలాఖరు కావచ్చు, మీకు ఆ గడువు లేదు. ఆ రెండు జవాబులూ చేతికి వచ్చేదాకా ఒక్క రూపాయి కూడా కట్టకండి. వానాకాలం పూర్తయ్యేలోగా, ఒక పెద్ద వాన పడిన మర్నాడు పొద్దున్నే మీ నాన్నగారిని మళ్లీ ఆ గొట్టాల దగ్గరకు తీసుకువెళ్లి, గోడ మీద నీటి మరక ఎంత ఎత్తున ఉందో చూసి నాకు రాయండి.